ఎర్రయ్యకీ చిలకమ్మకీ తేడా

నల్లటి స్క్రీన్. అందులో ఒక మూల తెల్లగా కొట్టుకుంటున్న చిన్న గీత. దమయంతి ఆ గీతనే చూస్తూ, వేళ్ళు కీబోర్డు మీద ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"భయపడకు. తప్పు కొడితే తప్పని చెబుతుంది, అంతే. కరవదు," అంది వెనక నిలబడ్డ డాక్టర్ హైమవతి.

ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ దమయంతి టైప్ చేసింది: మడత ఎర్రయ్య. ఎంటర్ నొక్కింది.

బల్ల మీది గాజు డబ్బాలో లేజర్ ఒక్కసారి ఆకుపచ్చగా వెలిగి ఆరిపోయింది. అంతే. రోజుల తరబడి ఎర్రయ్య ఆ డేరాలో కూర్చుని మాట్లాడిన మాటలన్నీ చింతగింజంత ఉప్పురాయిలోకి వెళ్ళిపోయాయి.

ఎర్రయ్య వంగి, కళ్ళు చిట్లించి రాయిని చూశాడు. "ఓలమ్మ! గొంతు సించుకుని వాగితే ఇంతేనేటి నాను?"

"నీ మాటల్లో సరుకు అంతే మరి చిన్నాన్నా," అంది దమయంతి.

డేరా బయట వరసలో ఉన్న ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఎర్రయ్య కూడా నవ్వాడు. నవ్వడమే కాదు, అప్పటికప్పుడు దమయంతి గొంతుతోనే ఆ మాట తిరిగి అని చూపించాడు. ఊళ్ళో ఎవరి గొంతునైనా అలా అచ్చు దించెయ్యడం అతనికి సరదా. అందుకే పనిలో అతను పక్కనుంటే పొద్దు గడిచేది, ఇంటికొస్తే మాత్రం తలుపు వేసుకోవాలనిపించేది.

కొఠారుపేట వాళ్ళది తాతల నుంచి ఉప్పు పని. సముద్రపు నీళ్ళు మడుల్లోకి పెట్టి, ఎండకు ఆరనిచ్చి, తేలిన ఉప్పును లాగి కుప్పలు పోసేవారు. ఆ సముద్రమే ఏటేటా ముందుకొచ్చి మడుల్ని మింగుతోంది. ఇక లాభం లేదని ఊరిని గుట్ట మీద కట్టిన కాలనీకి తరలిస్తున్నారు. ఇళ్ళు మళ్ళీ కట్టుకోవచ్చు గాని, చెదిరిపోయిన ఊరి మాట మళ్ళీ దొరకదు. అందుకని ఊరు ఖాళీ అయ్యేలోగా ప్రతి మనిషి గొంతూ దాచిపెట్టాలని వచ్చిన శాస్త్రవేత్త హైమవతి.

ఆమె కనిపెట్టిన దాని గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. కరెంటు లేకపోయినా, తరాలు మారినా చెడిపోని నిల్వ కోసం ఆమె ఉప్పు స్ఫటికాలను ఎంచుకుంది. వాటికి ఒకటే లోపం, చోటు తక్కువ. ఊరందరి మాటలూ ఉన్నవి ఉన్నట్టుగా పట్టవు. కాబట్టి ముందు కుదించాలి. ఆ కుదించే ప్రోగ్రామ్ పేరే మడత. దానికి బొమ్మలు, బటన్లు లేవు. నల్ల స్క్రీన్ మీద మాట టైప్ చేస్తే పని జరుగుతుంది. మడత అంటే కుదిస్తుంది. విప్పు అంటే మళ్ళీ ఎప్పటిలా చేసి వినిపిస్తుంది. తుడుపు అంటే చెరిపేస్తుంది. ఊరివాళ్ళే నడుపుకోవాలని కమాండ్లన్నీ తెలుగులోనే పెట్టింది. ఇంటర్ చదివిన దమయంతిని కూర్చోబెట్టి నేర్పింది.

"అదెలగమ్మా, అంత మాట ఇంతైపోద్ది?" అని అడిగింది చిలకమ్మ.

చిలకమ్మ దమయంతికి అప్ప, అంటే అక్క. తల్లి పోయాక దమయంతిని పెంచింది ఆమే. మాట మొదలుపెట్టే ముందు నాలుకను అంగిట్లో టక్కుమని కొట్టడం ఆమె అలవాటు. ఆ టక్కు వినిపించిందంటే తర్వాత వచ్చేది తిట్టైనా కావాలి, నవ్వైనా కావాలి.

"మీకు తెలిసిన పనే చిలకమ్మగారూ," అంది హైమవతి. "నీళ్ళు ఆరబెడితే ఉప్పు మిగులుతుంది కదా. మాటలు కూడా అంతే. అందరి మాటల్లోనూ ఒకేలా ఉండేది నీళ్ళనుకోండి. దాన్ని తీసేసి, ఎవరికి వాళ్ళకి ప్రత్యేకంగా ఉన్నది మాత్రం రాయిలో పెడతాం. మళ్ళీ వినాలంటే నీళ్ళు పోస్తాం. మీ మాట మీకు వచ్చేస్తుంది. ఒక్క అక్షరం పోదు."

చిలకమ్మ టక్కుమని నాలుక కొట్టింది. "బాగానే ఉంది. మరి ఆ నీరు ఎటెల్తాది?"

"ఎక్కడికీ పోదు. ఒకళ్ళ మాటలు మొత్తంగా దాచి ఉంచుతాం. దానికి మూలం అని పేరు. మిగతా అందరివీ ఆ మూలానికీ వీళ్ళకీ ఉన్న తేడాలే. ఎవరిని మూలంగా తీసుకోవాలో మడతే చూసుకుంటుంది."

"అందరికీ ఒకటే నీరన్నమాట," అని చిలకమ్మ తల ఊపింది. ఆ మాట వెనక ఇంకేదో అడగబోయి, వరసలో వెనకవాళ్ళు తొందర పెడుతుంటే ఊరుకుంది.

మర్నాడు తన గొంతు ఇవ్వడానికి వచ్చినప్పుడు చిలకమ్మ ముందు డేరాలోంచి ఎర్రయ్యను బయటికి పొమ్మంది.

"నాకు తెలీని గుట్టు నీకేటున్నాదే?"

"నీకు తెలిస్తే మడుల్లో పిట్టలక్కూడా తెలిసిపోద్ది. పో ఎర్రయ్యా. ఇది మా చెల్లికి."

దమయంతి నవ్వుతూ మైకు సర్దింది. "నేనుండొచ్చా?"

"నువ్వూ పో. నొక్కాల్సింది చూపించీసి పో. నాను పోయాక విందువు గాని. ఇప్పుడింటే నాతో తగువేసుకుంటావు."

చాలాసేపు ఆమె లోపల మాట్లాడింది. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం తేలిగ్గా ఉంది. దమయంతి ఫైలు వినకుండానే మడతపెట్టింది. చిలకమ్మ రాయి ఆవగింజంత అయ్యింది. ఊళ్ళో అందరివీ అంతే, ఆవగింజలే. ఒక్క ఎర్రయ్యదే చింతగింజ. వాగుడుకాయ రాయి కూడా బలిసిందేనని జనం నవ్వుకున్నారు.

వరస పెరిగేకొద్దీ దమయంతికి ఒక చికాకు మొదలైంది. మడతకు జాగ్రత్త ఎక్కువ. ప్రతి ఫైలుకీ ఆగి అడిగేది: మూలంతో కలపమంటారా? పాత ఫైలు తీసేయమంటారా? నిజంగానేనా? అవును, అవును అని కొట్టీ కొట్టీ వేళ్ళు నొప్పి పుట్టేవి. హైమవతి అది చూసి, కమాండ్ చివర ఒక చిన్న గీత పెట్టి అడక్కు అని కొట్టమంది.

"ఇంక నోరు మూసుకుని పని చేస్తుంది. కానీ ఇది ఈ పనికే, దమయంతీ. అన్నింటికీ వాడకు."

దమయంతి సరే అంది. కానీ వేళ్ళకు ఒక అలవాటు పట్టిందంటే ఎవరి మాట వింటాయి? డేరా ఎత్తేసే నాటికి ఏం టైప్ చేసినా చివర అడక్కు అని వాటంతట అవే కొట్టేసేవి.

గుట్ట మీద కాలనీలో పంచాయితీ గదికి ఆనుకుని వినే గది కట్టారు. దమయంతికి అక్కడే ఉద్యోగం. ఎవరైనా వచ్చి పేరు చెబితే రాయి తీసి డబ్బాలో పెట్టి విప్పు అని కొట్టేది. గదిలోకి సముద్రం ఒడ్డు వచ్చినట్టుండేది.

రెండో వేసవిలో చిలకమ్మ పోయింది. కర్మలు అయ్యాక దమయంతి ఆవగింజంత రాయిని అరచేతిలో పెట్టుకుని మిషను ముందు కూర్చుంది. విప్పు చిలకమ్మ అని కొట్టి, ఎంటర్ నొక్కకుండా చెరిపేసింది. విన్నాక ఇంక అప్ప దగ్గర నుంచి కొత్త మాట అంటూ ఏదీ రాదు. వినకపోతే ఇంకా ఒకటి మిగిలే ఉంటుంది. కాబట్టి రేపు విందాం అనుకుంది. రేపు కూడా అలాగే అనుకుంది. ఉన్నదని తెలిస్తే చాలనిపించేది.

ఎర్రయ్య మీద గొడవ అప్పుడే రేగింది.

వినే గదిలో జనం ఎక్కువగా అడిగేది ఎర్రయ్యనే. ఇంటిపెద్దల గొంతు వింటే ఏడుపొస్తుంది. ఎర్రయ్యను వింటే నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ వింటుండగా ఒకరోజు, కాలనీలో ఉండే పోలమ్మ మామగారు బతికుండగా తూకానికి ముందు ఉప్పుకుప్ప మీద నీళ్ళు చిలకరించేవాడన్న కథ బయటపడింది. అదీ ఆ ముసలాయన గొంతుతోనే, ఆ ముక్కు ఎగబీల్పుతో సహా. పక్కనే కూర్చున్న వియ్యాలవారు అది విన్నారు. పోలమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. తర్వాత ఇంకొకరి కథ, మరొకరి కథ. పంచాయితీ గది ముందు జనం చేరారు.

"సచ్చినోళ్ళని బజార్లో పెడతాడా? తీసీండి ఆడి వాగుడు!" అంది పోలమ్మ.

"ఊరి గొంతులన్నీ ముత్తేల్లాగున్నాయి. మధ్యన ఈడొక్కడే నత్తగుల్ల," అన్నాడు పెద్దాయన సింహాద్రి.

ఎర్రయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏదో ఒక గొంతుతో నవ్విస్తాడని అందరూ చూశారు. అతను తన సొంత గొంతుతోనే మాట్లాడాడు. అది ఎంత సన్నటిదో దమయంతి ఎప్పుడూ గమనించలేదు.

"నా మాట ఎవలికీ వొద్దంటే నాకేటికి? తీసీ దమయంతీ."

అడ్డు చెప్పడానికి ఎవరూ లేరు. హైమవతి అప్పటికే వేరే తీరంలో వేరే ఊరి గొంతులు ఎత్తుతోంది. మనిషి తన గొంతు వెనక్కి ఇమ్మంటే ఇచ్చి తీరాలని చట్టం. ఎక్కడో ఒక్క నకలు మిగిలినా నేరమే. కాబట్టి తుడుపు అని కొడితే ఇక్కడి రాయీ, దూరాన రెండు పట్నాల్లో దాచిన నకళ్ళూ ఒక్కసారే చెరిగిపోతాయి. మనిషి మర్యాద కోసం పెట్టిన ఏర్పాటు అది.

నిజం చెప్పాలంటే దమయంతికి కూడా ఎర్రయ్య మీద కాస్త కోపమే ఉంది. ముందు వారమే అతను చిలకమ్మ గొంతు దించి ఎవరినో నవ్వించడం వీధిలో వింది. పోయిన మనిషితో ఆటలేమిటనిపించింది. లోపలికి వెళ్ళి కూర్చుంది. వేళ్ళు చకచకా కదిలాయి. తుడుపు ఎర్రయ్య. చివర చిన్న గీత. అడక్కు.

మిషను అడగలేదు. లేజర్ ఎర్రగా వెలిగి ఆరింది. చింతగింజంత రాయి తెల్లబడి పొడిపొడిగా రాలింది.

ఎర్రయ్య ఆ పొడిని వేలికి అద్దుకుని నాలుక మీద వేసుకున్నాడు. "ఉప్పే," అని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సింహాద్రి వచ్చాడు, పోయిన భార్య గొంతు వింటానని. దమయంతి రాయి పెట్టి విప్పు అని కొట్టింది. స్పీకర్లోంచి సన్నని ఈల లాంటిది వచ్చింది. ఒక ఎక్కిలి. కాస్త ఖాళీ. మళ్ళీ ఈల. స్క్రీన్ మీద ఒకే ఒక్క వరుస: మూలం దొరకలేదు. తేడా మాత్రమే వినిపిస్తున్నాను.

ఇంకో రాయి పెట్టింది. గొంతు గరగర, చిటికె. ఇంకోటి. దీర్ఘంగా ఒక నిట్టూర్పు. మాట లేదు, ఎవరిలోనూ లేదు. అన్నిటికన్నా చివర అప్ప ఆవగింజను పెట్టింది.

టక్.

చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్. విరిగిన చిన్న నవ్వు. ఏమీ లేదు. టక్.

కబురు అందగానే హైమవతి పరుగెత్తుకొచ్చింది. మిషన్ ముందు రోజంతా కూర్చుంది. చీకటి పడ్డాక లేచి దమయంతి వైపు తిరిగింది.

"మూలం ఎర్రయ్యగారు. ఊళ్ళో అందరి మాటా ఎంతో కొంత ఆయన మాటలో ఉంది. అందర్నీ అనుకరించాడు కదా. ఎవర్ని కుదించాలన్నా ఆయనతో పోలిస్తేనే రాయి చిన్నదయ్యేది. అందుకే మడత ఆయన్ని ఎంచుకుంది."

"నన్ను అడిగి ఉండేదా మేడం? అడక్కు అని కొట్టకపోతే?"

హైమవతి తల ఊపింది. "అడిగేది. 'ఈ గొంతు మీద ఊరంతా ఆధారపడి ఉంది, నిజంగా తుడవాలా' అని అడిగేది. ఆ ప్రశ్న రాసింది నేనే దమయంతీ. దాన్ని నోరు మూయించడం నీకు నేర్పిందీ నేనే."

గుమ్మంలో నిలబడ్డ పోలమ్మకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే, మా మామ ఆ ఎర్రయ్యలో ఉన్నాడా?"

"అందరూ ఉన్నారు."

"ఓరి దేవుడా," అని పోలమ్మ గుమ్మంలోనే చతికిలబడింది. "మా అమ్మ కూడానా?"

అందరూ కలిసి ఎర్రయ్య ఇంటికి వెళ్ళారు. అతను అలిగి ఉంటాడు, కాళ్ళావేళ్ళా పడాలి అనుకున్నారు. ఆ అవసరం రాలేదు. ఎర్రయ్య కండువా భుజాన వేసుకుని వచ్చి మైకు ముందు కూర్చున్నాడు. చెప్పిన కథలే చెప్పాడు, వేసిన గొంతులే వేశాడు. పోలమ్మ స్వయంగా టీ కాచి తెచ్చి ఇచ్చి, "మా మామ కథ కూడా సెప్పు, నీళ్ళు సిలకరించడం వొదలకు," అని బతిమాలింది. అతని గొంతు బొంగురుపోయేదాకా చెప్పించి, మడతకు ఇచ్చి చూశారు.

మూలం కాదు, అంది మిషను.

"అదే కథ కదా! మాటకి మాట సెప్పినాను కదా!"

"మాట ఒకటే అయితే చాలదు ఎర్రయ్యగారూ," అంది హైమవతి మెల్లగా. "అదే ఊపిరి కావాలి. ఆవేళ ఎక్కడ దగ్గారో అక్కడే దగ్గాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా నప్పదు. ఆ రోజు మీరు వేరు, ఇవాళ మీరు వేరు."

ఎర్రయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆవేళ మడులుండీవి," అన్నాడు.

తర్వాత జరిగింది ఎవరూ అనుకున్నది కాదు. ఒకరోజు సింహాద్రి వినే గదిలో కూర్చుని భార్య ఈలనూ ఎక్కిలినీ వింటుంటే, అటుగా పోతున్న ఎర్రయ్య ఆగాడు. చెవి పెట్టి విని, ఆ ఎక్కిలి అవగానే, సింహాద్రి భార్య గొంతుతో "ఏటి, సద్దన్నం తినకుండానే ఎల్తన్నావా?" అన్నాడు. నప్పింది. ఎక్కిలికీ ఈలకీ మధ్య ఖాళీలో ఆ మాట సరిగ్గా కూర్చుంది. సింహాద్రి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పటి నుంచి వినే గది ముందు మళ్ళీ వరస. రాళ్ళు స్పీకర్లో తమ తేడాలు వినిపిస్తాయి. ఎర్రయ్య మధ్యలో ఖాళీలు నింపుతాడు. అతని గొంతును రికార్డు చేసుకుంటామని హైమవతి అడిగితే మైకు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది వొద్దు మేడంగారూ. మళ్ళీ మడతెట్టీస్తారు."

అతనిది పెద్ద వయసు. ఉప్పు గాలికి అరిగిన ఊపిరితిత్తులు. అతను దగ్గినప్పుడల్లా వరస మొత్తం మాటలాపి తలెత్తి చూస్తుంది. ఒకప్పుడు ఎప్పుడు నోరు మూస్తాడా అని తిట్టుకున్నవాళ్ళే మిరియాల కషాయం పట్టుకొస్తారు, చల్లగాలి తగలకుండా కిటికీ మూస్తారు.

దమయంతి ఆ వరసలో ఎప్పుడూ నిలబడలేదు. అడిగే హక్కు తనకు లేదనుకుంది. జనం పలచబడిన ఒక మధ్యాహ్నం ఎర్రయ్యే పిలిచాడు.

"నీ రాయెట్టమ్మీ."

పెట్టింది. విప్పు అని కొట్టింది. చివర ఏ గీతా లేకుండా.

టక్.

ఎర్రయ్య మొహం విచ్చుకుంది. "మీ అప్పే. ఇలగ కొట్టిందంటే తరవాత తిట్టే." నాలుక తడుపుకుని ఏదో అనబోయాడు. ఆగిపోయాడు. రెండో టక్కు వచ్చింది, విరిగిన నవ్వు వచ్చింది, ఖాళీ నడిచింది. అతను పెదవి కదపలేదు.

"ఏమైంది చిన్నాన్నా?"

"ఆవేళ నన్ను బయటికి పొమ్మన్నాది కదా తల్లీ." అతను తన సొంత గొంతుతోనే, ఆ సన్నటి గొంతుతోనే చెప్పాడు. "మీ అప్ప ఎలగ మాటాడతాదో నాకు తెలుసు. ఆవేళ ఏటి మాటాడిందో తెల్దు. కల్పించి సెప్పగలను. నీకు తేడా కూడా తెలీదు. సెప్పమంటావా?"

దమయంతి స్క్రీన్ వైపు చూసింది. ఒక మూలన చిన్న గీత తెల్లగా కొట్టుకుంటోంది. ఎర్రయ్య జవాబు కోసం చూస్తున్నాడు. తొందర పెట్టలేదు. కావాలంటే సాయంత్రం దాకా అలాగే కూర్చునేలా ఉన్నాడు.

ఆమె నోరు తెరిచింది. మాట కన్నా ముందే నాలుక అంగిట్లో టక్కుమంది.

ఎర్రయ్య ఉలిక్కిపడి, ముందు స్పీకర్ వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా ఆమె వైపు.